కంటికిని లెక్క కావలయును

గత సంవత్సరము క్రిస్మసు సెలవులలో మా పూర్వవిద్యార్థి యొకడు మమ్ము చూడవచ్చెను. అతని స్వగ్రామము భద్రాచలపు అడవి యంచున గలదు. మా పాఠశాలలో పదవ తరగతి ముగించి, పిమ్మట పట్టణమున చదివి, యిప్పుడొక పెద్ద ఆసుపత్రిలో న్యూక్లియర్ మెడిసిన్ శాఖయందు టెక్నీషియనుగా పనిచేయుచున్నాడు. ఆ వారముననే అతని తల్లికి కంటి శుక్లము తీయించిరి. కట్టు విప్పిన తోడనే ఆమె కుమారుని మొగమువంక చూచి, "ఇంత చిక్కితివేమి నాయనా?" అని యడిగెనట. ఆ మాట చెప్పుచు అతడు నవ్వెను. కొంతసేపటికి నవ్వు మాని, "మాస్టారూ, మా అమ్మకు అరువది యేండ్లకు వచ్చిన పొర నాకు నలుబదికే రాదని యెవరు చెప్పగలరు? నా రొమ్ముమీది బ్యాడ్జికి లెక్క యున్నది గాని నా కంటికి లెక్క లేదు" అనెను. మఱియొక సంగతియు నొప్పుకొనెను. పని మిక్కుటమైన దినములలో ఆ బ్యాడ్జిని సొరుగులోనే విడిచి పోవుట గలదట. అందులో అంకె హెచ్చినచో తన్ను ఆ పనినుండి తప్పింతురేమోయని భయము.

ఆనాడు మే మతనికి తగిన సమాధాన మీయజాలకపోతిమి. పిమ్మట గ్రంథములు తిరుగవేసి, తెలిసినవారి నడిగి, మాకు బోధపడినంత యిచట వ్రాయుచున్నాము. మన విద్యార్థులలో కొందఱు ఈ వృత్తిలో ప్రవేశింపవచ్చును. మన యిండ్లలో రోగులై అట్టి ఆసుపత్రులకు పోవువారును గలరు. కావున ఇది అందఱికిని పనికివచ్చు సంగతియే.

మొదట ఈ వైద్య మెట్టిదో చెప్పెదము. ఎక్స్‌రే పరీక్షయందు కిరణములు యంత్రమునుండి బయలుదేరి రోగి దేహముగుండ పోవును. న్యూక్లియర్ మెడిసినునందు క్రమము వేఱు. రేడియోధార్మిక ద్రవ్యమును అతిస్వల్పముగా రోగికి సూదిమందుగా నిత్తురు, లేదా త్రాగింతురు. అది యెముకలయందో, గుండెయందో, కంఠమునందలి థైరాయిడ్ గ్రంథియందో చేరి, లోపలినుండి గామాకిరణములను వెలువరించును. బయటనున్న కెమెరా ఆ కిరణములను పట్టి చిత్రముగా కూర్చును. ఈ పనికి మిక్కిలిగా వాడబడునది టెక్నీషియం. అది 1937వ సంవత్సరమున ఇటలీ దేశమున గుర్తింపబడిన, మనుష్యుడు కృత్రిమముగా చేసిన మొదటి మూలకము. దాని వైద్యరూపముయొక్క అర్ధజీవితకాలము 6 గంటలు, అనగా ప్రతి 6 గంటలకును దాని బలము సగమగును. 66 గంటల అర్ధజీవితకాలము గల మాలిబ్డినమునుండి దానిని దినదినమును తీసికొందురు. ఆసుపత్రివారు ఈ క్రియను ఆవును పితుకుటతో పోల్చుదురు. కాన్సరు రోగులకు చేయు పెట్ స్కానునందు 110 నిమిషముల అర్ధజీవితకాలము గల ఫ్లోరిన్-18 వాడుక. థైరాయిడ్ చికిత్సకు 8 దినముల అయొడిన్-131 వాడుక. హైదరాబాదునందలి నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో ఇట్టి శాఖ గలదు. ఖమ్మమునుండి సుమారు 200 కిలోమీటర్లు ప్రయాణముచేసి రాజధానికి పోవు మన రోగులలో పలువురు ఈ పరీక్షలను ఎఱిగినవారే.

అణువు అనగానే మన ప్రాంతపు పిల్లలకు మణుగూరు తోచును. తరగతిలో ఈ ప్రసంగము వచ్చినపుడెల్ల ఎవరో యొకరు, "అచ్చటి భారజలపు కర్మాగారమునుండి కిరణములు వచ్చునా?" అని యడుగుదురు. రావు. భారజలము అణువిద్యుత్కేంద్రములకు కావలసిన సరుకేగాని తనంత తాను కిరణములను వెలువరించునది కాదు. అశ్వాపురము చెంతనున్న ఆ కర్మాగారమున జాగ్రత్త వహింపవలసినది ముఖ్యముగా హైడ్రోజన్ సల్ఫైడు వాయువును గుఱించి. ఆ వాయువు కొంచెముగా నున్నపుడు కుళ్ళిన గ్రుడ్ల కంపు కొట్టి తన రాకను తెలుపును. అదే మిక్కుటమైనచో మన ముక్కును మొద్దుబార్చి మోసపుచ్చును. సింగరేణి గనులలో పుట్టు మీథేను వాయువునకు వాసనయే లేదు. అందుచేత పూర్వము గనిపనివారు రక్షణదీపమును చేతబట్టి, జ్వాలమీద నీలపు టోపివలె వెలుగు కనబడినచో అపాయమని గ్రహించెడివారు. మన యింద్రియములు ఎచట చాలవో అచట సాధనము కావలెనని ఆ దీపము నేర్పు పాఠము. గామాకిరణములకు రంగు లేదు, వాసన లేదు, వేడియు తెలియదు. కంటిని దెబ్బతీయగల కిరణమును కన్నే చూడజాలదు.

రోగి ఈ కిరణములను తన జీవితమున ఒకటి రెండు మాఱులు పొందును. దానివలన వ్యాధినిర్ణయ మగుచున్నది గనుక ఆ లాభము నష్టమును మించును. టెక్నీషియను సంగతి వేఱు. అతడు దినదినమును మందును సిరంజిలోనికి తీయును, కొలుచును, రోగి చేతి నరమును వెదకుటకై వంగి సూది గ్రుచ్చును, పిమ్మట ఆ రోగిని నడిపించుకొనిపోయి కెమెరాక్రింద పరుండబెట్టును. సూది గ్రుచ్చిన క్షణమునుండి రోగియే కిరణములకు ఉత్పత్తిస్థానము. ఒక్కొక్క రోగివలన తగులునది స్వల్పమే. కాని రోగులు అనేకులు, సంవత్సరములును అనేకములు.

దేహమంతటిలో కన్నునే ప్రత్యేకముగా ఎంచుట కేమి కారణము? కంటిలోపల పారదర్శకమైన కటకము గలదు. వెలుగును కూర్చి లోపలి తెరమీద బొమ్మను నిలుపునది అదియే. దానికి రక్తనాళములు లేవు. చర్మము పాతపొరను రాల్చి క్రొత్తపొరను తెచ్చుకొనును గాని కటకము దేనిని రాల్చదు. దాని ముందరి భాగమునందలి సూక్ష్మకణములు విభజింపబడుచు, అంచులకు జరిగి, సన్నని తంతువులుగా మాఱి, ఉల్లిపొరలవలె ఒకదానిపై నొకటి పేరుకొనును. కిరణములచే చెడిన కణమును అట్లే వెనుకకు జరిగి, కటకముయొక్క వెనుకతట్టున మసకగా నిలుచును. అద్దముమీది ఆవిరిని తుడిచినట్లు దానిని తుడుచు ఏర్పాటు దేహమునకు లేదు. ఈ మసక తెలియవచ్చుటకు అనేక సంవత్సరములు పట్టును. మొదట ఎండలోను, ఎదురుగా వచ్చు బండి దీపములముందును చూపు చెదరును. పిమ్మట చదువుట కష్టమగును. వార్ధక్యము, మధుమేహము, స్టెరాయిడ్ మందులు గూడ శుక్లమును కలిగించునవే. ఈ శుక్లము ఫలానా కారణముచేతనే వచ్చినదని తేల్చిచెప్పు ముద్ర దానిపై నుండదు. కావుననే లెక్క వ్రాసియుంచుట అంత ముఖ్యము. లెక్క లేనివాడు తరువాత నిజమును రుజువు చేయలేడు, అనవసరపు భయమును పోగొట్టుకొనను లేడు.

ఈ అపాయము మనుష్యులకు మెల్లమెల్లగా తెలియవచ్చినది. 1895లో రాంట్‌జన్ ఎక్స్‌కిరణములను కనుగొనిన పిమ్మట వానితో పనిచేసినవారు చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనిరి. వారి విషయమున ఇది సామెత కాదు, వారి చర్మము నిజముగనే కాలెను. కంటి సంగతి మఱికొంత ఆలస్యముగా బయటపడెను. 1949వ సంవత్సరమున, సైక్లోట్రాను యంత్రములచెంత పనిచేసిన కొందఱు యువ భౌతికశాస్త్రవేత్తలకు శుక్లములు వచ్చినట్లు అమెరికాలో ప్రకటింపబడెను. ఆ కాలముననే హిరోషిమాలో బ్రదికి బయటపడినవారి కన్నులయందును ఇట్టి మసకలు కనుగొనబడెను. ఐనను, పెక్కు గ్రేల మోతాదు తగిలిననే గాని శుక్లము రాదని చిరకాలము తలచుచుండిరి. మోతాదును కొలుచుటకు గ్రే యనియు సీవర్టు అనియు రెండు కొలతలు గలవు. గామాకిరణముల విషయమున రెంటి అంకెయు నొక్కటియే. అంతర్జాతీయ వికిరణరక్షణ సంఘమువారు 1990లో కంటి కటకమునకు ఉద్యోగి పొందదగిన హద్దు సంవత్సరమునకు 150 మిల్లీసీవర్టులని చెప్పిరి. తరువాత పలుదేశముల పరిశోధనలను చూచి, 2011 ఏప్రిలునందు తమ తలంపు మార్చుకొనిరి. మొత్తముమీద అర గ్రే మోతాదుకే శుక్లము రాగలదనియు, కావున హద్దు సంవత్సరమునకు సగటున 20 మిల్లీసీవర్టులే యనియు, ఐదేండ్లకు 100 మించరాదనియు, ఏ యొక్క సంవత్సరమునను 50 దాటరాదనియు తీర్మానించిరి. దేశము లొక్కొక్కటిగా ఈ హద్దును స్వీకరించుచున్నవి.

150 ఎక్కడ, 20 ఎక్కడ! విద్యార్థులారా, దీనిని చిన్న లెక్కగా చేసి చూడుడు. సంవత్సరమునకు 250 పనిదినము లనుకొన్నచో 20 మిల్లీసీవర్టులను 250చే భాగింపగా దినమునకు 80 మైక్రోసీవర్టులు వచ్చును. పాత హద్దు ప్రకారము అది 600. నిన్నటివఱకు, "ఇంత విశాలమైన హద్దును మన మెన్నడును చేరము" అని నిశ్చింతగా నుండినవారు, నేడు కొలిచి చూచుకొనవలసివచ్చినది. మా విద్యార్థి ప్రశ్నకు మూల మిదియే.

కొలుచుట యెట్లు? మన దేశమున ఈ ఉద్యోగులు రొమ్మున ధరించు బ్యాడ్జిలో మూడు చిన్న బిళ్ళలుండును. అవి కాల్షియం సల్ఫేటునందు డిస్ప్రోసియమును లేశముగా కలిపి చేయబడినవి. ఒక బిళ్ళమీద లోహపు తెర, ఒకదానిమీద ప్లాస్టిక్ తెర యుండును. మూడవది తెఱపిగా నుండును. ఆ తేడాలనుబట్టి ఏ జాతి కిరణములు తగిలెనో తెలిసికొందురు. వేసవి మొదట తెల్లవాఱుజామున అడవిలో ఇప్పపూవు రాలుట మన పిల్లలకు తెలియును. రాలుచుండగా చూచినవాడు లేడు. ఐనను చెట్టుక్రింద బుట్ట పెట్టితిమేని తెల్లవాఱునప్పటికి ఎన్ని పూవులు రాలెనో బుట్టయే చెప్పును. ఈ బిళ్ళ అట్టి బుట్ట. కిరణము తగిలినపుడు బిళ్ళలోని ఎలక్ట్రానులు కొన్ని తమ తావు విడిచి, స్ఫటికమునందలి గుంటలలో చిక్కుకొని, అచటనే నిలిచియుండును. మూడు నెలలకు బ్యాడ్జిని ప్రయోగశాలకు పంపగా, అచట దానిని వేడిచేయుదురు. చిక్కినవి విడివడి చిన్న వెలుగును చిమ్మును. ఆ వెలుగును కొలిచినచో మూడు నెలలలో తగిలిన మోతాదు తెలియును. ఆ అంకె భాభా అణుపరిశోధన కేంద్రమువారు నిర్వహించు జాతీయ పట్టికలో ఉద్యోగి సంఖ్యక్రింద చేరి, అతడు ఆసుపత్రి మాఱినను అతని వెంట నుండును.

ఇది మంచి యేర్పాటే. కాని బుట్ట ఏ కొమ్మక్రింద నుండునో ఆ కొమ్మ పూవులనే లెక్కించును గదా! రొమ్మున నుండు బ్యాడ్జి రొమ్మునకు తగిలినది చెప్పును. సీసపు కవచము తొడిగినవారు బ్యాడ్జిని దాని లోపల ధరింతురు. దేహమును కవచము కాపాడినది, బ్యాడ్జియు తక్కువ చూపినది. కాని కవచము మెడవద్దనే ముగియును. ముఖము బయటనే యున్నది. బ్యాడ్జి "తక్కువ" యని చెప్పునపుడు కన్ను ఎక్కువ పొందియుండవచ్చును. మందు తీయు బల్లవద్ద సీసపు ఇటుకల యడ్డును, ముఖమున కెదురుగా మందమైన సీసపు గాజును ఉండును. ఆ గాజువెనుకనుండి చూచువాని కన్ను క్షేమము. త్వరపడి ప్రక్కనుండి తొంగిచూచువానికి ఆ గాజు ఉండియు లేనట్లే. సన్నని నరము దొరకని ముసలివారి చేతిమీదికి వంగినపుడు సిరంజికిని కంటికిని దూరము ఇంకను తగ్గును.

కావున కంటికి వేఱుగా కొలబిళ్ళ చేసిరి. కటకము కంటి ఉపరితలమునుండి సుమారు 3 మిల్లీమీటర్ల లోతున నుండును గనుక, లిథియం ఫ్లోరైడు బిళ్ళను అంతే మందముగల ప్లాస్టిక్ గుళికలో పెట్టి, కణతవద్ద పట్టీతో గాని కళ్ళద్దపు చట్రమునకు గాని కట్టుదురు. కిరణములు ఏ వైపునుండి హెచ్చుగా వచ్చునో ఆ వైపు కంటి చెంతనే అది యుండవలయును. సీసపు కళ్ళద్దములు ధరించువారికి బిళ్ళ అద్దమునకు లోపలివైపున నుండుట మేలు. లేనియెడల అద్దము చేసిన మేలు లెక్కకు రాదు. 2008 మొదలు 2011 వఱకు ఐరోపా శాస్త్రజ్ఞులు కలసి చేసిన పరిశోధనలో, తలకు బదులుగా 20 సెంటీమీటర్ల వ్యాసమును 20 సెంటీమీటర్ల ఎత్తును గల స్తంభాకారపు బొమ్మను నిర్ణయించి, దానిమీద ఈ బిళ్ళల కొలతను సరిచూచు పద్ధతిని స్థిరపఱచిరి. తల గుండ్రము, రొమ్ము బల్లపరుపు. ఒకదానికి సరిచూచిన కొలత రెండవదానికి చక్కగా అతకదు.

ఇది చదివి ఈ వృత్తిలోనివారి తలిదండ్రులు భయపడరాదు. పలుచోట్ల కొలిచి చూడగా న్యూక్లియర్ మెడిసిన్ ఉద్యోగులలో చాలమంది కన్నులు క్రొత్త హద్దునకును లోబడియే యున్నవి. గాజు యడ్డులు లేనిచోటను, రోగులు మిక్కుటముగా నుండి పనివారు కొలదిమందియైనచోటను మాత్రమే అంకె పైకి ప్రాకును. అందుచేత అందఱి కణతలకును ఎల్లకాలము బిళ్ళ కట్టనక్కఱలేదు. మొదట కొన్ని నెలలు కొలిచి చూడవలయును. సంవత్సరమునకు 5 లేక 6 మిల్లీసీవర్టులు దాటునట్లు తోచినవారికి విడువక కొలువవలయును. మిగిలినవారికి పనిరీతి మాఱినపుడు మరల కొలిచిన చాలును.

కొలుచుటతోనే కన్ను రక్షింపబడదు. కొలత దారి చూపును, నడువవలసినది మనము. ఆ నడకకు మూడు సూత్రములు గలవు: కాలము, దూరము, అడ్డు. సూదిపని ముందుగా వట్టి సిరంజితో అభ్యసించి చేయి తిరిగినవాడు సగము కాలముననే ముగించును. అతనికి మోతాదును సగమే. దూరము రెట్టింపైనచో మోతాదు నాలుగవ వంతగును: 30 సెంటీమీటర్ల దూరమునుండి 60కి జరిగినచో నాలుగవ వంతు, 90కి జరిగినచో తొమ్మిదవ వంతు. అడ్డు విషయమున కిరణముయొక్క బలము చూడవలయును. టెక్నీషియము కిరణములను సగము చేయుటకు సుమారు 0.3 మిల్లీమీటర్ల సీసము చాలును. ఫ్లోరిన్-18 కిరణములకు సుమారు 4 మిల్లీమీటర్లు కావలెను. కావున సీసపు కళ్ళద్దములు మొదటిదానికి కొంత ఉపకరించునుగాని పెట్ స్కాను గదిలో వానిని నమ్ముకొనరాదు. అచట దూరమే మందు.

రోగుల బంధువులకు ఇచట ఒక మాట. సూది గ్రుచ్చిన పిమ్మట టెక్నీషియను వెంటనే ఎడముగా జరిగి, దూరమునుండియే మాటలాడును. మన పల్లెలనుండి పోయిన పెద్దలు కొందఱు దీనిని చూచి, తమ్ము అంటరానివారినిగా ఎంచిరని నొచ్చుకొనినట్లు మే మెఱుగుదుము. ఆ నొప్పికి మన దేశమున కారణములు గలవు. కాని యిచట ఆ కారణము కాదు. అతడు వెనుకకు వేయు ప్రతి యడుగును తన కన్నును కాపాడుకొనుటకే. రేపటి రోగి నరమును వెదకుటకు ఆ కన్నే కావలెను. అతడు చెప్పినట్లు నెమ్మదిగా కూర్చుండి, అడుగదలచిన ప్రశ్నలన్నియు సూదికి ముందే అడిగినచో మీరును అతనికి మేలుచేసినవారగుదురు.

ఇక సొరుగులోని బ్యాడ్జి సంగతి. మా విద్యార్థికి మేము వ్రాసిన జాబులో ముఖ్యముగా దీనినే చెప్పితిమి. సొరుగులో నున్న బ్యాడ్జి సున్నకు దగ్గఱగా చూపును. ఆ సున్న జాతీయ పట్టికలో అతని పేర నిలుచును. రేపు కన్ను మసకబాఱినచో, "నీకేమియు తగులలేదు, ఇదిగో నీ లెక్క" అని అతని లెక్కయే అతనికి ఎదురు సాక్ష్యము పలుకును. మోసపుచ్చినది అధికారిని గాదు, తన కన్నునే. ఐతే నేరమంతయు అతనిపై మోపుట న్యాయము కాదు. అంకె హెచ్చినవానిని దోషివలె చూచుచోట బ్యాడ్జిలు సొరుగులకు పోక మానవు. హెచ్చిన అంకె ఉద్యోగి నేరమును చెప్పదు. గాజు యడ్డు విఱిగెనా, పని ఒక్కనిమీదనే పడుచున్నదా, నేర్పువలసిన పద్ధతి నేర్పలేదా అని యడుగును. అట్టి విచారణ జరిపించుటకే మన దేశమున 1983లో అణుశక్తి నియంత్రణ మండలి యేర్పడినది. ప్రతి ఆసుపత్రిలోను వికిరణరక్షణాధికారి యుండవలెనను నియమమును అందులకే. సత్యము చెప్పినవానికి శిక్ష లేదని పెద్దలు నడవడిలో చూపిననాడే పనివారు సత్యము చెప్పుదురు. ఇది ఆసుపత్రికేగాదు, పాఠశాలకును వర్తించును. తప్పిన లెక్కను దాచిన పిల్లవానిని దండించుటకు ముందు, అతడు దాచుటకు మా కోప మెంతవఱకు కారణమో మేమును ఆలోచించుకొనవలసియున్నది.

ఈస్టరు పండుగకు అతనినుండి జాబు వచ్చెను. బ్యాడ్జిని ప్రతిదినమును ధరించుచున్నాడట. రక్షణాధికారిని కలసి జరిగినది దాపఱికము లేక చెప్పెనట. ఆయన కోపింపక, ఆ శాఖలోని వారందఱికిని మూడు నెలలపాటు కంటి బిళ్ళలు తెప్పించుటకు ప్రయత్నింతునని మాటయిచ్చెనట. "అంకె యెంత వచ్చినను మీకు వ్రాసెదను" అని జాబు ముగించినాడు. ఆ అంకె యింకను రాలేదు. ఎంత వచ్చినను అది నిజమైన అంకె యగుననుటయే మాకు సంతోషము.

ప్రియ విద్యార్థులారా, మీలో ఎవరు ఏ వృత్తిలో ప్రవేశించినను, అందు కంటికి కనబడని అపాయ మేదో యొకటి యుండకపోదు. గనిలోనివానికి వాయువు, మిల్లులోనివానికి ధూళి, పొలములోనివానికి పురుగుమందు. "నాకేమియు తెలియుటలేదు గనుక నాకేమియు కాదు" అను మాటను నమ్మకుడు. దానిని కొలుచు సాధన మున్నదాయని అడుగుడు. ఉన్నచో దానిని తగినచోట ధరింపుడు. అది చెప్పినదానిని ఉన్నదున్నట్లు వ్రాయుడు.